రైలు టిక్కెట్టును ముక్కలు చేయుటవలన కలుగు నష్టము

మన చేనేత కుటుంబములు మగ్గమును నమ్ముకొని ఎక్కడెక్కడికో పోయి స్థిరపడినవి. షోలాపురము, భీవండి, బరంపురము, సేలము, కంచి, బళ్ళారి, బెంగుళూరు, యానాము – ఏ ఊర నున్నను మన బంధుత్వములు ఒక ఊరితో తీరవు. పిల్లనిచ్చిన ఊరొకటి, కోడలిని తెచ్చుకొన్న ఊరొకటి, కులదైవ మున్నది వేరొకచోట. కనుక ఏడాదికి ఒకటి రెండు మారులైనను ఇల్లంతయు రైలెక్కక తప్పదు. నూలు ధరలో పావలా తేడా వచ్చినను వ్యాపారితో గంటసేపు వాదించు మనవారు, రైలు టిక్కెట్టు దగ్గరకు వచ్చుసరికి మాత్రము గుమాస్తా ఎంత చెప్పిన అంత లెక్కపెట్టి యిచ్చి వచ్చుచున్నారు. ఆ చార్జీ వెనుక ఒక లెక్క యున్నది. అది తెలిసినచో కొంత సొమ్ము చేతిలో మిగులును.

బరంపురమున మా సంఘ సభ్యుడొకడు పొదుపు నిధిలోని తన సొమ్ములో కొంత తీసుకొనుటకు అర్జీ పెట్టినాడు. చీరాలలో చెల్లెలి కూతురి పెండ్లి. తాను, భార్య, ముసలి తల్లి, పదునాలుగేండ్ల పెద్ద పిల్లవాడు, ఏడేండ్ల చిన్నవాడు – ఐదుగురు. దారిలో విజయవాడలో దిగి కనకదుర్గమ్మ దర్శనము, అటుపై చీరాలలో పెండ్లి, పెండ్లి ముగిసిన తరువాత మద్రాసులో నున్న పెద్దకూతురి ఇంటికి. అర్జీకి జతచేసిన ఖర్చుల పట్టీలో మూడు వరుసల టిక్కెట్లు కనబడినవి: బరంపురము నుండి విజయవాడ, విజయవాడ నుండి చీరాల, చీరాల నుండి మద్రాసు. ఇంకను కొనలేదు, కొనబోవుచున్నాడు. "ఇది ఒక్క టిక్కెట్టుతో అవుతుంది కదా, మూడెందుకయ్యా?" అని అడిగితిని.

"మూడు చోట్ల దిగుతాం కదండీ సెక్రటరీ గారూ! దిగిన చోటల్లా టిక్కెట్టు అయిపోదా అండీ?" అని అతని ప్రశ్న.

చాలకాలము నేనును అట్లే అనుకొంటిని. దిగినంత మాత్రమున టిక్కెట్టు అయిపోదు. అది తెలియక నేను సంఘపు పని మీద చేసిన ప్రయాణములలో ఎంత సొమ్ము పోగొట్టితినో ఇప్పుడు లెక్క తీయుటకు మనసొప్పదు.

మొదట చార్జీ ఎట్లు కట్టుదురో చూతము. మన రైళ్ళలో చార్జీ దూరమును బట్టి పడును. అయితే కిలోమీటరునకు ఇంత అని ఒకే రేటు చివరివరకు ఉండదు. దూరము పెరిగినకొలది కిలోమీటరు రేటు మెట్టు మెట్టుగా తగ్గుచు పోవును. మన పనిలోనే దీనికి పోలిక యున్నది. రెండు చీరల పడుగు వేసినను, ఆరు చీరల పడుగు వేసినను, పోగులు అతుకు శ్రమ ఒక్కటియే గదా. పొడుగు పడుగు వేసినవానికి చీరకు పడు అతుకు ఖర్చు తక్కువ. రెండేసి చీరలకు తెంపి మరల మరల అతుకువానికి ఎక్కువ. దూరప్రయాణమును చిన్న చిన్న టిక్కెట్లుగా కొనువాడు రెండవవాని వంటివాడు.

పలకమీద వేసి చూచుటకు ఒక లెక్క చెప్పెదను. ఇందలి కిలోమీటరు రేట్లు రైల్వేవారివి కావు, పద్ధతి తెలియుటకై నేను కల్పించినవి. అసలు చార్జీలు 2025 జూలై 1న ఒకసారి, అదే ఏడు డిసెంబరు 26న మరియొకసారి పెరిగినవి. ఇకముందును మారవచ్చును గనుక ఇచ్చట అచ్చువేసిన ప్రయోజనము లేదు. తొలి 500 కిలోమీటర్లకు కిలోమీటరునకు 50 పైసలు, ఆపైన 40 పైసలు అనుకొందము. 1000 కిలోమీటర్లకు ఒకే టిక్కెట్టు కొన్నచో 250, 200 కలిసి రూ. 450 అగును. అదే దారిని 500 చొప్పున రెండు టిక్కెట్లు చేసినచో, రెండవ టిక్కెట్టునకు లెక్క మరల మొదటి మెట్టునుండియే ఆరంభమగును. 250, 250 కలిసి రూ. 500. మనిషికి రూ. 50 ఊరకనే పోయినవి.

ఇంతటితో కాలేదు. మూల చార్జీపై మరి రెండు రుసుములు కలవు. ఇవి నా కల్పన కాదు. స్లీపరు తరగతిలో రిజర్వేషను రుసుము రూ. 20, బండి సూపర్ ఫాస్టు అయినచో మరియొక రూ. 30. ఒకే బండిలో దిగకుండ పోవుచునే, చివరివరకు బెర్తు దొరకలేదని మధ్య ఊరివరకు ఒకటి, అచ్చటినుండి ఒకటి కొనువారున్నారు. వారికి ఈ రెండు రుసుములును రెండేసి మారులు పడును. అప్పుడు తేడా మనిషికి రూ. 100, ఐదుగురికి రూ. 500. మీ ఇంట హైస్కూలు చదువు పిల్ల యున్నచో 1500 కిలోమీటర్లను మూడు సమభాగములు చేసి ఇదే రేట్లతో మూల చార్జీ లెక్క కట్టుమనుడు. ఒకే టిక్కెట్టునకును మూడు టిక్కెట్లకును తేడా మనిషికి రూ. 100 రావలెను.

ఇంగ్లండులో ఇది తలక్రిందులు. అక్కడ చాల దారులలో టిక్కెట్టును మధ్య స్టేషనుల వద్ద విడగొట్టి కొన్నచోనే చవుక పడునట. అచ్చటి చార్జీల ఏర్పాటు వేరు. అక్కడ ఉద్యోగము చేయు మన కుర్రవాండ్రు సెలవులకు వచ్చి ఈ సలహా ఇచ్చినచో వినవద్దు.

విడగొట్టిన టిక్కెట్లలో ఇంకొక నష్టము దాగియున్నది, దానిని మనవారు గమనించరు. స్లీపరు తరగతికి కనీసపు దూరము 200 కిలోమీటర్లు. అనగా మీరు ఎంత తక్కువ దూరము పోయినను 200 కిలోమీటర్ల చార్జీ ఇచ్చుకొనవలెను. థర్డు ఏసీకి ఈ కనీసము 300 కిలోమీటర్లు. విజయవాడకును చీరాలకును నడుమ దూరము 100 కిలోమీటర్లు కూడ లేదు. మా సభ్యుడు తల్లికి పండుకొను వీలుండునని ఆ ముక్కకు కూడ స్లీపరే వ్రాసికొన్నాడు. ఆ లెక్కన పోని దూరమునకు సగమునకు పైగా చార్జీ!

ఇప్పుడు దారిలో దిగు విషయము. రైల్వే నిబంధనలలో దీనిని బ్రేక్ జర్నీ అందురు. 500 కిలోమీటర్లకు మించిన దూరపు టిక్కెట్టు మీద దారిలో ఒకసారి దిగి ఆగవచ్చును. 1000 కిలోమీటర్లు మించినచో రెండు మారులు. ఆగిన ప్రతిచోట రెండు దినముల వరకు ఉండవచ్చును. దిగిన దినమును, తిరిగి ఎక్కిన దినమును ఇందులో లెక్కకు రావు. కాని ఒక షరతు గలదు: బయలుదేరిన స్టేషను నుండి 500 కిలోమీటర్లు పోయిన తరువాతనే మొదటిసారి దిగవలెను.

మా సభ్యుని దారికి దీనిని అన్వయించి చూడుడు. బరంపురము నుండి మద్రాసు 1000 కిలోమీటర్లు దాటును గనుక రెండు విరామములకు అర్హత యున్నది. విజయవాడ 600 కిలోమీటర్లకు పైబడి యున్నది గనుక మొదటి విరామము చెల్లును. చీరాల రెండవది. దుర్గమ్మ దర్శనము, పెండ్లి రెండును ఒకే టిక్కెట్టులో ఇమిడిపోయినవి. కాని అతడు విజయవాడకు బదులు విశాఖపట్టణములో దిగి సింహాచలము పోవలెననుకొన్నచో కుదరదు. విశాఖ 300 కిలోమీటర్లలోపే గదా. తిరుగు ప్రయాణములో అయితే మద్రాసు నుండి విశాఖ 500 దాటును, అప్పుడు సింహాచలము చెల్లును, చీరాల చెల్లదు. ఏ దేవుని పోవునప్పుడు చూడవలెను, ఏ దేవుని వచ్చునప్పుడు చూడవలెను అనునది ఈ 500 కిలోమీటర్ల రాయి తేల్చవలసినదే.

చేయు పద్ధతి ఇది. ఇట్టి టిక్కెట్టును రిజర్వేషను కౌంటరు వద్ద చేయించుకొనుటయే మేలు. ఫారము మీద బయలుదేరు ఊరు, చివరి ఊరు వ్రాసి, నడుమ ఎచ్చట దిగెదరో, మరల ఏ తేదీన ఏ బండి ఎక్కెదరో స్పష్టముగ వ్రాయవలెను. టిక్కెట్టు కొనునప్పుడే చెప్పవలెను, కొన్న తరువాత చెప్పిన ముందు ప్రయాణమునకు బెర్తు చిక్కదు. ఎక్కు ప్రతి బండికి రిజర్వేషను రుసుము వేరుగా పడవచ్చును, అందుకు సిద్ధపడుడు. దిగిన స్టేషనులో టిక్కెట్టు కలెక్టరు చేతగాని స్టేషను మాస్టరు చేతగాని టిక్కెట్టు మీద తేదీతో సంతకము వేయించుకొనుట మరువరాదు. ఆ సంతకము లేనిచో తరువాతి బండిలో తనిఖీదారునితో మాటపడవలసి వచ్చును. రాజధాని, శతాబ్ది, జనశతాబ్ది బండ్లలో ఈ సదుపాయము లేదు.

కౌంటరులో కూర్చున్నవారు ఇట్టి టిక్కెట్టును అరుదుగా చేయుదురు. వెనుక వరుస పెరుగుచుండ "విడివిడిగా తీసుకోండి" అని తోసివేయుటయు జరుగును. నాకును అట్లు జరిగినది. మధ్యాహ్నము రద్దీ లేని వేళ పోయి, ఫారము శుభ్రముగ నింపి, నెమ్మదిగా అడిగిన పని జరిగినది. కోపము తెచ్చుకొన్న ప్రయోజనము లేదు, ఆ గుమాస్తాకును వరుసను కదిలించవలసిన బాధ యున్నది.

ఇక ఇల్లు కదిలి నాలుగైదు చోట్లు చుట్టివచ్చువారికి ఇంకొక ఏర్పాటు గలదు. సర్కులర్ జర్నీ టిక్కెట్టు, మన మాటలో చుట్టు టిక్కెట్టు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి వచ్చునట్లు దారి ఉండవలెను. నడుమ ఎనిమిది విరామముల వరకు అనుమతింతురు. షోలాపురములో మన పద్మశాలీలు, దేవాంగులు ఎందరో ఉన్నారు గనుక అచ్చటినుండియే ఒక చుట్టు చెప్పెదను. షోలాపురము నుండి హోట్గి, విజయపుర, గదగ్ మీదుగ హొసపేట. అచ్చట హంపి హేమకూటమున దేవాంగుల గాయత్రీ పీఠము. అచ్చటినుండి బళ్ళారి, గుంతకల్లు మీదుగ రేణిగుంట చేరి తిరుపతి దర్శనము. అటుపై గూడూరు, చీరాల, విజయవాడ. తరువాత ఖాజీపేట మీదుగ సికింద్రాబాదు, ఆపై వాడి మీదుగ మరల షోలాపురము. మొత్తము 1800 కిలోమీటర్లకు పైచిలుకు. చిన్న ముక్క తప్ప వచ్చిన దారిన తిరిగిపోవుట లేదు.

దీని చార్జీ కట్టు విధము గమనింపుడు. మొత్తము దూరమును రెండు సగములు చేసి, ఒక్కొక్క సగమును ఒక ప్రయాణముగ లెక్కింతురు. నా కల్పిత రేట్లతోనే చూచినచో 900 కిలోమీటర్ల సగమునకు 250, 160 కలిసి రూ. 410, రెండు సగములకు రూ. 820. అదే చుట్టును 360 చొప్పున ఐదు ముక్కలు చేసినచో ఒక్కొక్కటి రూ. 180, మొత్తము రూ. 900. నిజమునకు ముక్కలు సమముగ నుండవు. గూడూరు దగ్గరివంటి చిన్న ముక్కలకు పైన చెప్పిన కనీసపు దూరము కూడ వచ్చి పడును గనుక నష్టము ఇంతకన్న పెరుగును.

చుట్టు టిక్కెట్టు వెంటనే చేతికి రాదు. పోవలసిన ఊళ్ళు, దారి, ఆగు దినములు వ్రాసి డివిజనల్ కమర్షియల్ మేనేజరు కార్యాలయమునకు గాని, పెద్ద స్టేషను మాస్టరునకు గాని దరఖాస్తు ఇవ్వవలెను. వారు దూరము కట్టి చార్జీ తేల్చి చెప్పుదురు. టిక్కెట్టు తీసుకొన్న తరువాత రిజర్వేషను కౌంటరుకు పోయి ఏ బండిలో ఏ తేదీన బెర్తు కావలెనో విడివిడిగా చేయించుకొనవలెను. ఈ తిరుగుడు ఒక మనిషికి రెండు పూటల పని. ఇద్దరు మనుషుల ప్రయాణమునకు ఇంత శ్రమ అక్కరలేదని నా అభిప్రాయము. పది పండ్రెండు మంది బంధువులు కలిసి యాత్రకు పోవునప్పుడు మాత్రము తప్పక చేయదగినది.

రాను పోను టిక్కెట్లు ఒకేసారి కొన్న తగ్గింపు గలదా అని కొందరడుగుచుందురు. మామూలుగా లేదు. 2025లో పండుగ రద్దీ కొరకు ప్రయోగముగ, అక్టోబరు 13 నుండి 26 లోపల పోయి నవంబరు 17 నుండి డిసెంబరు 1 లోపల తిరిగి వచ్చువారికి, తిరుగు ప్రయాణపు మూల చార్జీలో 20 శాతము తగ్గించిరి. అట్టివి ప్రకటించినప్పుడు పత్రికలలో చూచి పట్టుకొనవలసినదే.

చార్జీ లెక్క ఎంత తెలిసినను, సమయము తప్పినవానికి ఆ లాభము నిలువదు. 2024 నవంబరు 1 నుండి రిజర్వేషను 60 దినముల ముందు మొదలగుచున్నది, అంతకుముందు 120 దినములుండెడిది. ప్రయాణపు దినమును విడిచి లెక్కింపవలెను. సంక్రాంతికి జనవరి 12న బయలుదేరదలచినవారు నవంబరు 13 ఉదయము 8 గంటలకు టిక్కెట్టు తీయవలెను. మన పెండ్లిండ్లకు ముహూర్తము పెట్టించు నాటికే ఈ గడువు దగ్గరపడుచుండును. లగ్నపత్రిక వ్రాసిన నాడే టిక్కెట్టు తేదీ కూడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుడు. ఫోనులో కొనువారు ఆధారు ధ్రువీకరణ చేసిన ఖాతాను ముందే సిద్ధపరచుకొనుడు.

సమయము తప్పినవారు తత్కాల్ మీద పడుదురు. స్లీపరులో తత్కాల్ అధిక రుసుము మూల చార్జీలో 30 శాతము, అయితే రూ. 100 కు తగ్గదు, రూ. 200 కు మించదు. ఐదుగురి కుటుంబమునకు రూ. 500 నుండి 1000 వరకు. ఇంతవరకు టిక్కెట్టు విడగొట్టక మిగుల్చుకొన్నదంతయు ఒక్క దెబ్బతో పోయినట్లే. పైగా బెర్తు ఖాయమైన తత్కాల్ టిక్కెట్టు రద్దు చేసినచో ఏమియు తిరిగి రాదు. అయినను తప్పనిసరియైనచో, ఏసీ తరగతులకు ఉదయము 10 గంటలకు, స్లీపరునకు 11 గంటలకు తెరచెదరు. బండి మొదట బయలుదేరు స్టేషను తేదీకి ఒక దినము ముందు అని జ్ఞాపకముంచుకొనుడు. హౌరాలో నిన్న రాత్రి బయలుదేరిన బండి మన ఊరికి నేడు వచ్చునట్లయిన లెక్క హౌరా తేదీనిబట్టియే. ఈ ఒక్క సంగతి తెలియక ఒకనాడు ఆలస్యముగ వరుసలో నిలిచినవారిని చూచితిని.

పండుగలకు వేయు ప్రత్యేక బండ్లలో బెర్తు సులువుగ దొరకుటకు ఒక కారణము వాని చార్జీయే. వానిలో చాలవాటికి మామూలు బండికన్న చార్జీ అధికము. బండి నంబరు సున్నతో మొదలైనచో అది ప్రత్యేక బండి యని తెలిసికొని, చార్జీ అడిగి మరీ కొనుడు.

తత్కాల్ జోలికి పోకముందు చూడదగిన ఉపాయ మొకటి గలదు. బండి బయలుదేరు ఊరి నుండి చివరి ఊరి వరకు పోవువారికి బెర్తులు హెచ్చు, నడుమ స్టేషనులకు ఉమ్మడి కోటా, అది చిన్నది. నడుమ ఊరి నుండి వెయిటింగు లిస్టు చూపు బండిలోనే మొదటి స్టేషను నుండి బెర్తు ఖాళీ యుండవచ్చును. భువనేశ్వరములో బయలుదేరు బండికి బరంపురము నుండి బెర్తు లేనిచో, టిక్కెట్టు భువనేశ్వరము నుండి తీసి, ఎక్కు స్టేషను మాత్రము బరంపురమని వ్రాయించుకొనవచ్చును. అధికముగ పడు దూరము సుమారు 165 కిలోమీటర్లు. పొడుగు టిక్కెట్టులో చివరి కిలోమీటర్లు చవుక గనుక ఆ తేడా తరచుగ తత్కాల్ రుసుము కన్న తక్కువయే. ఎక్కు స్టేషను వ్రాయించుట మాత్రము మరచిన బెర్తు వేరొకరికి పోవును. యానాము వారికి ఈ చిక్కు తక్కువ. వారి ఊరికి రైలు లేకున్నను, దగ్గరి కాకినాడ నుండియే సర్కారు, గౌతమి, శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులు బయలుదేరును గదా.

సూపర్ ఫాస్టు కాని ఎక్స్‌ప్రెస్సు ఎక్కిన మనిషికి రూ. 30 మిగులును. కాని ఆ బండి మరునాడు మధ్యాహ్నమునకు చేర్చి, మగ్గము మీద ఒక దినము కూలి పోవునట్లయిన అది పొదుపు కాదు. ఆరుగురి వరకు ఒకే టిక్కెట్టు మీద వ్రాయించవచ్చును. ఫోనులో కొను టిక్కెట్టునకు పడు అదనపు సేవా రుసుము మనిషికి కాక టిక్కెట్టునకు ఒకసారియే గనుక విడివిడిగా కొనుట దండుగ.

పిల్లల సంగతి. ఐదేండ్ల లోపు వారికి బెర్తు అడుగకున్నచో చార్జీ లేదు. ఐదు నిండి పండ్రెండు నిండనివారికి బెర్తు వద్దన్నచో సగము చార్జీ, బెర్తు కావలెనన్నచో 2016 ఏప్రిల్ నుండి పూర్తి చార్జీ. ఒక రాత్రి ప్రయాణమునకు ఏడేండ్లవానిని తల్లి ప్రక్కన సర్దుకొనవచ్చును. రెండు రాత్రులైన బెర్తు తీసుకొనుటయే మంచిది, లేనిచో దిగిన తరువాత తల్లికి రెండు దినములు నడుము పట్టును.

వృద్ధుల రాయితీ గురించి ఇప్పటికిని మా కార్యాలయమునకు వచ్చి అడుగుచున్నారు. పురుషులకు 40 శాతము, స్త్రీలకు 50 శాతముండిన ఆ రాయితీ 2020 మార్చి 20 నుండి నిలిచిపోయినది. వయసు సరిగా వ్రాసినచో క్రింది బెర్తు ఇచ్చుటలో మాత్రము పెద్దలకును, 45 ఏండ్లు దాటిన స్త్రీలకును ప్రాధాన్య మున్నది.

ఇప్పటికిని ఉన్నదై, మనవారికి తెలియక పోవుచున్నది రోగుల రాయితీ. కాన్సరు రోగి చికిత్సకు పోవునప్పుడు స్లీపరులోను, థర్డు ఏసీలోను చార్జీ పూర్తిగా మాఫీ. వెంట పోవు ఒకరికి ఆ తరగతులలో 75 శాతము తగ్గింపు. గుండె శస్త్రచికిత్సకు పోవువారికి, మూత్రపిండముల మార్పిడికి గాని డయాలిసిస్‌కు గాని పోవువారికి, వెంట పోవువానికి కూడ 75 శాతము తగ్గింపు గలదు. ఆసుపత్రి వైద్యుడు రైల్వేవారి నమూనాలో వ్రాసిచ్చిన ధ్రువపత్రముతో కౌంటరుకు పోవలెను. చికిత్స కొరకు మద్రాసు, వేలూరు, బొంబాయి మాటిమాటికి తిరుగు ఇండ్లు మన సంఘములలో ఉన్నవి. ఒక సభ్యుడు భార్య చికిత్సకై ఏడెనిమిది మారులు పూర్తి చార్జీ ఇచ్చి తిరిగిన తరువాత, ఈ మాట మా కార్యాలయములో యథాలాపముగ బయటపడినది. అతడు కొంతసేపు మాటాడలేదు. "ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. మేము మాత్రము ముందుగ అడిగితిమా? ప్రతి సంఘ కార్యాలయములో ఆ ధ్రువపత్రపు నమూనాలు పది ఉంచిన బాగుండును.

టిక్కెట్టు కొన్న తరువాత మనిషి పోలేని పరిస్థితి వచ్చినచో రద్దుకు తొందరపడవద్దు. తలిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, కొడుకులు, కూతుండ్రు, భార్యాభర్తలు – వీరిలో ఒకరి పేరు మీదికి టిక్కెట్టు ఒకసారి మార్చుదురు. బండి బయలుదేరుటకు 24 గంటల ముందు బంధుత్వము చూపు కాగితముతో రిజర్వేషను పర్యవేక్షకునికి దరఖాస్తు ఇచ్చిన చాలును. దళారి దగ్గర వేరొకరి పేరున ఉన్న టిక్కెట్టు కొనుట మాత్రము కూడదు. అనుమతి లేక టిక్కెట్ల వ్యాపారము చేయుట 1989 నాటి రైల్వే చట్టము 143వ సెక్షను క్రింద నేరము. పట్టుబడిన నాడు దళారి కనబడడు, బండిలో నిలబడి జరిమానా కట్టువాడు మనవాడే.

మిగిలినది మూట సంగతి. ఇది మన వృత్తివారికి ప్రత్యేకము. స్లీపరులో మనిషికి 40 కిలోలు, రెండవ తరగతిలో 35 కిలోల సామాను ఉచితము, సగము టిక్కెట్టు పిల్లలకు అందులో సగము. ఇది ఇంటి సామానునకు మాత్రమే. అమ్మకపు సరుకును పెట్టెలోనికి సామానుగ తీసుకొని పోరాదు. పెండ్లికి పోవుచు, పనిలో పనిగా ప్రదర్శనలో అమ్మవచ్చునని చీరల మూట సీటు క్రింద పెట్టిన సభ్యుడొకడు దారిలో పట్టుబడినాడు. ముందుగ వ్రాయించని అధిక సామానునకు మామూలు రేటునకు ఆరు రెట్లు వసూలు చేయుదురు. అతడు నెల రోజులు నేసిన చీరలలో ఒకదాని వెల అక్కడనే కట్టి వచ్చినాడు. ఇంటి సామానే ఎక్కువైనచో ముందుగ సామాను కార్యాలయములో తూచి వ్రాయించిన ఒకటిన్నర రెట్లతో పోవును. చీరలు, దుప్పట్లు, తువ్వాళ్ళు అయినచో గోనెలో కుట్టి, పంపువాని పేరు, అందుకొనువాని పేరు, చేరవలసిన స్టేషను మూట మీద పెద్ద అక్షరములతో వ్రాసి, సంఘపు బిల్లు నకలుతో పార్సెలు కార్యాలయములో ఇచ్చి రసీదు తీసుకొనుడు. మూట బ్రేకు వానులో పోవును. బండి బయలుదేరు వేళకు పరుగెత్తిపోయిన ఆ మూట ఆ బండికి ఎక్కదు, ముందునాడే ఇచ్చి రావలెను.